పూజగూట్లో ఇంపెల్లరు

పొద్దున దీపం వెలిగించి, నాచారంలోని మా ఇంట్లో పూజగూట్లో ఉన్న ఇత్తడి చక్రానికి ఎప్పటిలాగే పసుపు, కుంకుమ పెట్టాను. అమ్మ ఉన్నన్నాళ్లూ ఆమె పెట్టేది. అది విష్ణుచక్రమనే నా నమ్మకం. రామంతాపూర్ నుంచి వచ్చిన చిన్నాయన దాన్ని తిప్పి చూసి నవ్వాడు.

“చక్రం గాదు బిడ్డా, బాయి మోటరుల తిరిగే ఇంపెల్లరు. నడుమ సూడు, షాఫ్టు దూరే గాడి. బాయి ఎండినంక మీ నాయిన మోటరు పాత సామానుకు ఏస్తుంటే, మీ అమ్మ గిదొక్కటి ఊడదీయించుకున్నది.”

అమ్మ తెలిసే మొక్కిందన్నమాట.

“మోటరు ముక్కకు మొక్కుడేంది అక్కా, తీసెయ్!” అన్నాడు తమ్ముడు.

“నువ్వు తిన్న బువ్వకు నీళ్లెత్తింది గిదేరా,” అన్నాడు చిన్నాయన.

తమ్ముడు దాన్ని తీసుకుని ఒడిలో పెట్టుకున్నాడు.

సాయంత్రం అందరం కూర్చుని, అది ఉన్నచోటే ఉండాలని అనుకున్నాం. రేపటి నుంచి పసుపు తమ్ముడే పెడతాడట. మీ పూజగూళ్లలో ఏమున్నాయో మీరూ ఓసారి తిప్పి చూసి చెప్పండి.