మామ మీటర్ పెట్టిన చోటు

మొన్న మా కాలనీ ఫంక్షన్ హాల్లో ఒక నిశ్చితార్థానికి వెళ్తే, నాకు కుర్చీ సరిగ్గా సౌండ్ సిస్టమ్ పక్కనే దొరికింది. టిఫిన్ డబ్బా అంత కూడా లేని ఆంప్లిఫయర్, దానికో చిన్న తెర, స్పీకర్లకు ఎంత కరెంట్ పోతోందో ఆ తెర మీద తనంతట తానే చూపిస్తోంది. పాట పెరిగితే అంకె పెరుగుతోంది, పాట ఆగితే పడిపోతోంది. పక్కనున్న వదిన ఏవో నగల సంగతి చెబుతుంటే ఊఁ కొడుతూ నేను ఆ అంకెలనే చూస్తూ కూర్చున్నాను, చెవులు వేడెక్కేదాకా. అలాంటి అంకె కోసమే ఒకప్పుడు నేను మా మేనమామను నలుగురిలో నిలబెట్టి కడిగేశాను మరి.

మట్టెవాడలో మామకు ఆంప్లిఫయర్లు తయారుచేసే దుకాణం ఉండేది. నేను ఎలక్ట్రానిక్స్‌తో డిగ్రీ పూర్తిచేసి వస్తే, ఆడపిల్లకు సోల్డరింగ్ ఏందని ఇంటిల్లిపాదీ మొత్తుకున్నా, బల్ల దగ్గర తన పక్కనే స్టూలు వేసి కూర్చోబెట్టింది ఆయనే. మైక్ సెట్ల కాలం మనకు తెలియనిది కాదు; పెండ్లయినా, బతుకమ్మ అయినా, ఓట్లయినా ఆంప్లి ఉండాల్సిందే. మామకు ఒక పద్ధతి ఉండేది: సరుకు అప్పగించే ముందు గిరాకీ కళ్ల ముందే కరెంట్ కొలిచి చూపించాలి. స్పీకర్లు పెడితే వాడంతా అదిరిపోతుంది కాబట్టి, నీళ్ల బకెట్లో హీటర్ కాయిల్స్ ముంచి, స్పీకర్లకు బదులు వాటికి వైర్లు కలిపేవాడు. ఆ కాగిన నీళ్లను అత్తమ్మ వృథా పోనిచ్చేది కాదు, గిన్నెలు తోమడానికి పట్టుకుపోయేది. మీటర్ మాత్రం ఎప్పుడూ మూత తీసి, లోపల ట్రాన్సిస్టర్లను ఆనుకొని ఉన్న వైరు దగ్గరే పెట్టేవాడు. మధ్యలో ఏ అడ్డమూ లేనిచోటనే కరెంట్ నిజం చెబుతుందని ఆయన నమ్మకం. ఆయన చూపించిన అంకెను రెండోసారి అడిగినవాళ్లు లేరు.

అంతలో స్విచ్చింగ్ ఆంప్లిఫయర్లు వచ్చాయి. ఈ రకం ఆంప్లి పాటను సెకనుకు లక్షల ముక్కలుగా తరిగి పంపుతుంది. చివర్లో ఉండే కాయిలూ కెపాసిటరూ కలిసి ఆ ముక్కలను మళ్లీ పాటగా అతుకుతాయి. కాయిల్‌కు ఇవతల, ట్రాన్సిస్టర్ల వైపు కొలిస్తే ముక్కల గోలంతా మీటర్‌లో పడుతుంది, మామూలు మీటర్ ఆ వేగాన్ని అందుకోలేక తోచిన అంకె చూపిస్తుంది. మామ మొదటిసారి చేసిన అలాంటి ఆంప్లిని తీసుకోవడానికి కేసముద్రం నుంచి మైక్ సెట్ ఆయన వచ్చాడు. మామ అలవాటు ప్రకారం మూత తీసి మీటర్ అక్కడే పెట్టాడు. పాటే లేదు, మీటర్ రెండు ఆంపియర్లు చూపిస్తోంది.

“ఏందన్నా, పిలవకముందే అచ్చి బంతిల కూసున్నట్టున్నది గదా నీ ఆంప్లి” అన్నాడు కేసముద్రం ఆయన.

“జర ఆగు తమ్మీ. మీటర్ అబద్ధం చెప్పది. ఆంప్లే ఖరాబున్నది, ఇప్పి మళ్ల చేస్త” అన్నాడు మామ.

ఆయన ఆంప్లి తీసుకోకుండా పోతే, కొత్త రకం మామకు చేతకాదన్న పేరు కేసముద్రం దాకా పాకుతుంది. మామను పక్కకు పిలిచి చెప్పవచ్చు. పక్కకు పిలవడమనేది నా ఒంట్లోనే లేదు. ఆంప్లి ఖరాబు కాదు, నువ్వు మీటర్ పెట్టిన జాగ ఖరాబు అని, మీటర్ ఆయన చేతిలోంచి తీసేశాను. ఆ కాయిలూ కెపాసిటరూ దాటాక అవతల, చాలా తక్కువ విలువ ఉన్న రెసిస్టర్‌ను వైరుకు వరసలో కలిపి, దాని రెండు కొసల మధ్య ఓల్టేజీ తేడాను, సిగ్నల్‌ను గీతగా గీసి చూపే సీఆర్ఓ తెర మీద చూపించి, దాన్నిబట్టి కరెంట్ లెక్కగట్టాను. పాట లేనప్పుడు దాదాపు ఏమీ లేదు, సిగ్నల్ ఇస్తే ఎంత రావాలో అంత. ఆంప్లి బంగారంలా ఉంది. అక్కడితో ఆగితే నేను నేనెందుకవుతాను.

“ఇన్నేండ్ల సంది నువ్వు చూపిచ్చిన అంకెలల్ల ఏది నిజమో ఎవలకెరుక మామా” అన్నాను.

అది శుద్ధ అబద్ధం. పాత ఆంప్లిలలో ఈ తరుగుడు లేదు, ఆయన కొలిచినవన్నీ సరైనవే, అది నాకు తెలుసు కూడా. వాదనలో గెలుస్తున్నప్పుడు నా నోటికి లెక్కలు గుర్తుండవు. కేసముద్రం ఆయన నవ్వి, ఆంప్లిని ఆటోలో పెట్టించుకొని పోయాడు. మామ మీటర్ వైర్లు నెమ్మదిగా చుట్టి డబ్బాలో పెట్టాడు.

ఆ తర్వాత ఎవరొచ్చినా “మా కోడలు సూత్తది” అని నావైపు చూపించేవాడు. నేను దాన్ని గౌరవమనుకొని, సిగ్గులేకుండా మురిసిపోయాను. ఒకనాడు ఆయన తన చేత్తో చేసిన పాతరకం ఆంప్లి రిపేరుకు వస్తే, దానికి కూడా మీటర్ నాకే ఇచ్చాడు. పాతవాటికి నువ్వు కొలిచిందే కరెక్టు మామా, ఆనాడు ఊరికే అన్నానని ఎంత వాదించానో.

“సదువుకున్నదానివి, ఊకెనే ఎందుకంటవు బిడ్డా” అన్నాడు, కోపం లేకుండా.

కోపమైతే నేను ఎదుర్కోగలను.

కొన్నేళ్లకు కేసముద్రం మార్కెట్ యార్డు దగ్గర ఆ మైక్ సెట్ ఆయన కనబడితే, ఆపి మరీ చెప్పాను, మామ పాత అంకెలన్నీ నిజమేనని. ఆయన ఎగాదిగా చూసి, “నువ్వేమన్నవో నాకు యాదికే లేదు చెల్లె. అన్న చేసిన ఆంప్లిలు ఇయ్యాల్టికీ మోగుతానయి” అన్నాడు. ఆనాటి నా మాటను నమ్మిన మనిషి ఈ లోకంలో ఒక్కడే అని నాకు ఆ యార్డులో, పత్తి బండ్ల మధ్య నిలబడి ఉండగా తెలిసింది.

ఇప్పుడు కొలత ఆంప్లి లోపలే పుడుతోంది. అది తప్పయితే ఎవరూ తల వంచుకోనక్కరలేదు. మంచిదే, కాదనను. కానీ తన చేత్తో కొలిచి, నలుగురి ముందూ పెట్టి, ఇగో సూసుకోండ్రి అని నిలబడే మనుషులు ఆ దుకాణాలతోపాటే తగ్గిపోయారు. అందరి సంగతిలో అది కాలం చేసిన పని. మా మామ సంగతిలో కాలానికంటే ముందు నేనే చేశాను.