తూకం రోజున పొలాల పండుగ

సౌదీలోని యాన్బు రేవు నుంచి గంటసేపు ప్రయాణం చేస్తే మా పశువుల దొడ్డి వస్తుంది. సోమాలియా నుంచి ఓడల్లో దిగిన కోడెలను ఇక్కడ మూడు నెలలు మేపి, కండ పట్టించి, కోతకు అమ్ముతారు. నేను మేపేవాణ్ణి. ఆ మాంసం ముట్టను. అట్లాగని వాటి దారి ఎటో తెలియనట్టు నటించను కూడా. ఉన్న మూడు నెలలూ కడుపు నిండా తిని నీడలో ఉండాలని చూస్తాను. నిర్మల్ దగ్గరి పల్లెలో రైతు ఇంట్లో పుట్టినవాడికి మరో పద్ధతి చేతకాదు.

దొడ్డి పెద్ద ఒక సోమాలీ ముసలాయన. చాచా అని పిలిచేవాణ్ణి. మేం మాట్లాడుకునేది విరిగిన అరబ్బీ. కానీ ఆయన మాటలైనా, మా యజమాని మాటలైనా నాకు మా యాసలోనే గుర్తుంటాయి, అలాగే రాస్తున్నాను. చాచా కోడె మీద చెయ్యి వేయకుండా, నడక చూసి బరువు చెప్పేవాడు. ఒక్కసారైనా తప్పితే ఆటపట్టిద్దామని రెండేళ్లు కాచుకున్నాను. ఆ భాగ్యం దక్కలేదు.

"మా దేశంల పశువులకు కొదువ లేదు," అనేవాడు టీ తాగుతూ. "వాన ఎన్కకు పోతే గడ్డి ఉండదు. ఇరవై దినాలు నడిపిచ్చుకుంట రేవుకు తెస్తం. వచ్చేటాళ్లకు బొక్కలే మిగుల్తయి, బొక్కల ధరకే అమ్ముకుంటం. కండ ఈడ పడ్తది, లాభం ఈడనే మిగుల్తది."

ఇది ఏడుపు కాదు, ఆయన దగ్గర ఉపాయం ఉంది. ఇప్పుడు వాళ్ల రేవుల్లో టీకాలు, రోగాల పరీక్షలు మెరుగయ్యాయి, మునుపటిలా రోగాల భయంతో ఓడలు ఆపేయడం లేదు. ఇక కావలసింది అక్కడే ఒక మేపుడు దొడ్డి. ఈ ఎడారిలో గడ్డి మోపు కూడా ఓడెక్కి రావాలి. వాళ్ల నది పక్కన జొన్న చొప్ప చేతికందుతుంది. ఈ సంగతి కఫీల్‌కు, అంటే మమ్మల్ని వీసా మీద తెచ్చిన యజమానికి, చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పాడు. చివరికి ఆయన విసిగిపోయి పందెం లాంటి మాట ఇచ్చాడు.

"నలభై కోడెల్ని నువ్వే ఏరుకో. మూడు నెలలకు సగటున మూడు వందల యాభై కిలోలు తూగితే నీ దేశంల దొడ్డి పెడ్త. నువ్వే పోయి నడుపు. తూగకపోతే ఈ ముచ్చట మళ్ల ఎత్తకు."

తూగితే చాచా తొమ్మిదేళ్ల తర్వాత ఇంటికి పోతాడు. తన దేశంలో, తన భార్య దగ్గర ఉంటూ, తనకు వచ్చిన పనే చేసుకుంటాడు. తూగకపోతే ఈ వయసులో ఈ ఇసుకే గతి. ఆ మూడు నెలలు ఆ నలభై కోడెలను నేను కళ్లలో వత్తులు వేసుకుని చూశాను.

తూకానికి ఒక నియమం ఉంది. ముందురోజు సాయంత్రం నుంచి మేత ఆపాలి, తెల్లవారాక నీళ్లూ ఆపాలి. కడుపులో ఉన్న మేత కండ కాదు కదా. మేపి తూచడమంటే తక్కెడ మీద వేలు పెట్టడమే. ఇది నాకు తెలియక కాదు.

తూకం రోజు తెల్లవారుతుండగా మా ఆవిడ ఫోన్ చేసింది.

"ఇయ్యాల పొలాల పండుగ, యాదున్నదా?"

"మనకు ఎడ్లేడున్నయే పండుగ చేయనీకె?"

"ట్రాక్టర్ కడిగినం. బొట్టు పెట్టి దండ గూడ ఏసినం."

పడీపడీ నవ్వాను. ఫోన్ పెట్టేసి వెనక్కి తిరిగేసరికి నలభై కోడెలు నావైపే చూస్తున్నాయి. పొలాల పండుగ నాడు ఎద్దు మెడ మీద కాడి వేయరు. కడిగి, కొమ్ములకు రంగు పూసి, ఇంట్లోవాళ్లకంటే ముందు దానికి భక్షాలు పెడతారు. ఆ రోజు ఎద్దును పస్తు ఉంచినవాడు రైతే కాదంటారు మా వైపు. ఊర్లో ట్రాక్టరుకు దండ వేస్తున్నారు, ఇక్కడ నా చేతి కింద నలభై కోడెలు ఆకలితో నిలబడ్డాయి. నాకు సిగ్గేసింది.

నా గదిలో ఉండే నిజామాబాద్ ఆయనకు చెప్పాను. "ఎంత పాపం!" అంటూ వంటింట్లోకి ఉరికి, పప్పూ బెల్లం నూరి భక్షాలు కాల్చాడు. నేను కోడెలను పైపుతో కడిగి, గేటుకు వేయగా మిగిలిన ఎర్ర రంగు కొమ్ములకు పూశాను. ఒక్కోదానికి ఒక్క భక్షం, అంతే అనుకున్నాను. మొదటి కోడె తిని, నాలుక చాచి నా చెయ్యంతా నాకింది. పండుగ పూట లేదని ఎట్లా చెప్పను? పిడికెడు గడ్డి వేశాను. పిడికెడు మోపయింది. ఒకదానికి వేసి పక్కదానికి వేయకుండా ఎట్లా? అరగంటలో నలభై తొట్లూ నిండాయి, నీళ్లు కూడా పారాయి. చేస్తున్నంతసేపూ ఎంత సంతోషపడ్డానో చెప్పలేను.

ఎనిమిదింటికి కఫీల్ వచ్చాడు. ఎర్ర కొమ్ములు చూసి ముందు నవ్వాడు. మొదటి కోడెను తూకపు బోనులోకి తోలగానే అది పచ్చగా, పలచగా పేడ వేసింది. కఫీల్ దాని పక్కటెముకల కింద అరచేత్తో నొక్కి చూశాడు. ఆయన తాత ఒంటెలు కాసినవాడు, ఈ విద్యలు ఆయనకు ఎవరూ నేర్పక్కరలేదు.

"ఇవి పొద్దుగాలనే తిన్నయి," అన్నాడు చాచా వైపు తిరిగి. "నన్నే మోసం చేస్తవా?"

చాచా తొట్ల వైపు చూశాడు, తర్వాత నన్ను చూశాడు. నా పేరు ఎత్తలేదు. నిజామాబాద్ ఆయన అప్పటికే అక్కడ లేడు. ఈ పని పోతే మళ్లీ వీసా, మళ్లీ ఏజెంటు. అయినా నా పండుగకు ఆయన ఇంటిదారి పోగొట్టుకోవడం నేను చూడలేకపోయాను.

"నేనే పెట్టిన," అన్నాను ముందుకు వచ్చి. "చాచాకు తెల్వదు. ఇయ్యాల మా పండుగ."

"ఏం పండుగ?"

"ఎడ్ల పండుగ."

కఫీల్ నన్ను పైనుంచి కిందికి చూశాడు. "ఎడ్లకు పండుగ నువ్వు చేస్తివి. నష్టం ఈయనకు చేస్తివి. ఇప్పటి సంది మేత బంద్. తెల్లారేదాక నీళ్లియ్యి. రేపు పొద్దుగాల మళ్ల తూస్త. తగ్గిందో, దొడ్డి లేదు, ఏం లేదు."

ఆ రోజు చాచా టీ ఒక్కడే తాగాడు. నన్ను పిలవలేదు. తిట్టినా బాగుండేది. మధ్యాహ్నం నుంచి కోడెలు ఆకలితో అరుస్తుంటే ఒక్కో అరుపూ వచ్చి నా నెత్తి మీద మొట్టినట్టుంది. మా ఆవిడకు చెప్పుకుంటే, "మంచి పని చేసినవ్, కని పశువును చూసి మనిషిని మర్సినవ్," అంది.

మర్నాడు ఒక్కొక్కటే బోనెక్కి దిగాయి. నేను కంచె పట్టుకుని, తెలిసిన దేవుళ్లందరికీ మొక్కాను. చాచా ఖురాన్‌లో మాటలేవో గొణుగుతున్నాడు. ఆఖరి కోడె దిగాక కఫీల్ ఫోనులో లెక్క చూసి, రెండోసారి చూసి, తలెత్తాడు.

"మూడు వందల యాభై రెండు. పో, నీ దేశంల దొడ్డికి జాగ చూస్కో."

నేను ఎగిరి గంతేశాను. చాచా మాత్రం అక్కడే ఇసుకలో కూర్చున్నాడు. ఇంటికి ఫోన్ కలిపాడు. అవతల ఆయన భార్య పలకగానే ఫోన్ నా చేతిలో పెట్టాడు.

"నువ్వే చెప్పు."

ఆమె అరబ్బీ కూడా నా అరబ్బీ అంతే. నేనెవరో చెప్పి, ఆయన ఇంటికి వస్తున్నాడని చెప్పాను.

"ఎన్ని దినాల సెలవు?" అని అడిగింది.

నేను ఊరికి బయలుదేరిన ప్రతిసారీ మా ఆవిడ కూడా మొదట అడిగేది అదే.

"సెలవు కాదు చాచీ," అన్నాను. "ఇగ ఆడనే ఉంటడు."