సరళ గారు సంతకం పెట్టని బిల్డింగ్

వెల్డింగ్ చేసిన ఇనుము వాసన తగిలితే చాలు, ఏ వీధిలో ఉన్నా నాకు సరళ గారు గుర్తుకొస్తారు. కాలిఫోర్నియాలో మాస్టర్స్ ముగించి నేను చేరిన తొలి ఉద్యోగం ఆమె దగ్గరే. పాత భవనాలు భూకంపాన్ని తట్టుకుంటాయో లేదో పరీక్షించే చిన్న ఆఫీసు ఆమెది. మొదటిరోజు నేను “ఆంటీ” అనగానే తలెత్తి చూశారు.

“ఆంటీ ఇంటి దగ్గర, శ్రావణీ. ఇక్కడ నా లెక్క తప్పైతే తప్పని చెప్పాలి నువ్వు.”

ఆ ఏడాది ఆమె కాలేజీ స్నేహితుడు మోహన్ గారు ఒక పాత అపార్ట్‌మెంట్ కొన్నారు. కిందంతా కార్ పార్కింగ్, సన్నటి స్తంభాలు, వాటి మీద రెండంతస్తుల ఇళ్ళు. దాన్ని చూడటానికి వెళ్తూ బస్సులో నిలబడ్డ నన్ను, పట్టుకున్న కడ్డీ వదిలేయమన్నారు సరళ గారు. బస్సు కదలగానే వెనక్కి తూలాను.

“కాళ్ళు బస్‌తో వెళ్ళాయి, ఒళ్ళు వెళ్ళలేదు. ఎక్కడ లాగింది?”

“మోకాళ్ళ దగ్గర, మేడమ్.”

“భూకంపంలోనూ అంతే. నేల బిల్డింగ్ అడుగుని పక్కకి లాగేస్తుంది, పై బరువు వెనకబడుతుంది. అంతలో నేల మళ్ళీ ఇటు లాగుతుంది. ఈ బిల్డింగ్‌కి మోకాళ్ళు ఆ పార్కింగ్ స్తంభాలే.”

పుస్తకాల్లో ఎన్నోసార్లు చదివిన సంగతే. ఒంటికి తెలిసింది మాత్రం ఆ రోజే.

మోహన్ గారు పార్కింగ్‌లోనే మమ్మల్ని కలిశారు. “ఇన్నేళ్ళుగా నిలబడే ఉంది కదా సరళా. సేఫ్ అని సైన్ చేసెయ్. నా మిగతా ప్రాపర్టీల పని కూడా నీకే ఇస్తా.”

మా ఆఫీసులో అప్పుడు పనులు తక్కువ. నా వీసా ఆ ఉద్యోగం మీదే ఆధారపడి ఉంది. ఆమెవైపు చూశాను.

“గట్టిగా ఊగే అవసరం దానికింకా రాలేదు మోహన్, అంతే. ఈ స్తంభాల మధ్య స్టీల్ ఫ్రేమ్‌లు పెట్టించు, సైన్ చేస్తా. లేదంటే పైన ఉండేవాళ్ళకి నేనే చెప్తా.”

ఆయన కారెక్కి వెళ్ళిపోయారు. ఆ ఆదివారం మేమిద్దరం ప్రతి తలుపూ తట్టాం. కొందరు ముఖం మీదే తలుపు వేశారు. చంటిబిడ్డనెత్తుకున్న ఒకామె మాత్రం అంతా విని, మిగతావాళ్ళను కూడగట్టి మోహన్ గారి దగ్గరికి వెళ్ళింది. చలికాలం వచ్చేసరికి ఆయనే ఆఫీసుకొచ్చి, “ఎన్ని ఫ్రేమ్‌లు కావాలి?” అని అడిగారు. ఆ ఫ్రేమ్‌లు వెల్డింగ్ చేసినన్ని రోజులూ సరళ గారు నన్ను వెంటబెట్టుకుని ఆ పార్కింగ్‌లోనే ఉన్నారు.

కొన్నేళ్ళకు ఒక మధ్యాహ్నం భూమి నిజంగానే కదిలింది. ఆ వీధిలోనే అలాంటి మరో భవనం తన కింది కార్ల మీద కూలబడింది. మోహన్ గారి భవనంలో గోడలు పగిలాయి, అద్దాలు రాలాయి. మనుషులందరూ మెట్లు దిగి బయటికొచ్చారు. మోహన్ గారు సరళ గారి చేతులు పట్టుకుని ఏడ్చేశారు.

“తర్వాత ఏడుద్దాం. ముందు ఫ్రేమ్‌ల అతుకులు చూడాలి,” అంటూ ఆమె టార్చ్ వెలిగించి పార్కింగ్‌లోకి నడిచారు.

సరళ గారు ఇప్పుడు లేరు. పోయిన నెల ఒక పెద్ద క్లయింట్ నా రిపోర్టులో, అతని భవనం భూకంపాన్ని తట్టుకోదన్న ఒక్క వాక్యం తీసేయమన్నాడు. కుదరదన్నాను. మళ్ళీ అడిగినా మాట మార్చలేదు.