వరస పెట్టని పిలుపు

దయ్యాల గురించి మా ఇంట్లో ఎవరైనా మాట్లాడితే మా నాన్న వాళ్లకు టీ ఇప్పించి మరీ క్లాసు పీకేవాడు. ఒకప్పుడు ఎర్రజెండా పట్టుకుని ఊరూరా తిరిగిన మనిషి. అమావాస్య నాడు శ్మశానం పక్క పొలానికి నీళ్లు పెట్టడానికి ఊళ్లో ఎవరూ కదలకపోతే, పనిగట్టుకుని నన్నూ అక్కనూ వెంటబెట్టుకుని పోయేవాడు. అలా పెరిగినదాన్ని కాబట్టి దయ్యమంటే నాకు నవ్వే తప్ప భయం తెలియదు. ఇప్పుడు కూడా నమ్ముతున్నానని అనను. జరిగింది జరిగినట్టు చెప్తాను, మీకు ఏమనిపిస్తే అది అనుకోండి.

మాది ఏన్కూరు దగ్గర పల్లె. బీఈడీ చివర్లో ఉండగా, టీచింగ్ ప్రాక్టీస్ కోసం మా ఖమ్మం కాలేజీ నన్ను చైనాకు ఎంపిక చేసింది. అక్కడ ఒక ప్రైమరీ స్కూల్లో చిన్నపిల్లలకు ఇంగ్లిష్ చెప్పాలి. ఈ మాట వినగానే మా అమ్మ భద్రాచలం రాముడికి మొక్కేసింది. మొక్కు అమ్మది, మోకాళ్ల నొప్పులూ అమ్మవే. కాబట్టి తీర్చడానికి నేను పోవాల్సి వచ్చింది. గుడి గడప తొక్కని మా నాన్న బండి నడిపాడు.

దర్శనం అయ్యాక తిరిగి వస్తుంటే నాన్న ఏమీ చెప్పకుండా బండిని అడవి దారిలోకి తిప్పాడు. ఎటు పోతున్నామో నాకు అర్థమైంది.

ఆ దారి చివర ఉన్న గూడెంలో మా అక్క సునీత విద్యా వాలంటీరుగా పనిచేసింది. పర్మినెంటు ఉద్యోగం కాదు. నాన్నకు అది నచ్చేది కాదు. "అడవిల పోరగాళ్లకు అఆలు చెప్పుడు గూడ ఒక కొలువేనా" అనేవాడు. అక్క నవ్వి ఊరుకునేది. ఒక వానాకాలం తనకు జ్వరం తగిలింది. వాగు పొంగి బండ్లు దాటలేదు. భద్రాచలం దవాఖానాకు చేర్చేసరికి చెయ్యి దాటిపోయింది. ఆ తర్వాత నాన్న నోట అక్క పేరు నేను ఎప్పుడూ వినలేదు. అమ్మ ఏడుస్తూ తలుచుకుంటే లేచి పొలానికి వెళ్లిపోయేవాడు.

గూడేనికి ఇప్పుడు కొత్త బడి వచ్చింది. అక్క పాఠాలు చెప్పిన పాక మాత్రం రేకులు ఒక పక్కకు ఒరిగి అలాగే ఉంది. అప్పట్లో అక్క ఉండింది లచ్చమ్మ అనే పెద్దావిడ ఇంట్లో. ఆవిడ మమ్మల్ని గుర్తుపట్టి, ఏమీ అడగకుండా చెంబుతో నీళ్లిచ్చింది. నాన్న ఇప్పచెట్టు కింద తల వంచుకుని కూర్చున్నాడు. నేను పాక గుమ్మంలో నిలబడి లోపలికి చూశాను. బోర్డు లేక గోడకే పూసుకున్న నల్లరంగు ఇంకా పోలేదు. ఇంకొంచెంసేపు అక్కడే ఉంటే ఏడ్చేస్తానని అనిపించింది. నాన్న వైపు తిరగకుండానే, "ఇగ రా, పోదాం" అన్నాను.

లచ్చమ్మ గబగబా వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"గట్ల పిలువొద్దు బిడ్డా. వరస పెట్టి పిలువాలె. నాన్నా అనో, అక్కా అనో అనాలె. వట్టిగ రా అంటే ఎవరన్న వస్తరు."

పాకకు ఎదురుగా నిలబడి, ఎవరూ వెంట రాకుండా 'నువ్వు ఉండు' అని చెప్పమంది. నాకు నవ్వొచ్చింది. నాన్న లేచి, "గట్లాంటియి ఏం ఉండవు లచ్చమ్మా" అని బండి స్టార్టు చేశాడు. పెద్దావిడ మాట కాదనడం బాగా లేదనిపించింది కానీ, నేను కూడా ఎక్కేశాను. ఆవిడ మమ్మల్ని కాక మా వెనక పాకను చూస్తూ నిలబడింది.

జూలూరుపాడు దగ్గర టీ కోసం ఆగాం. నాన్న రెండు వేళ్లు చూపించాడు. హోటలాయన మూడు గ్లాసులు తెచ్చి పెట్టాడు. రెండే కదా చెప్పింది అంటే, "ముగ్గురు దిగిన్రు గద సార్" అన్నాడు. అటూ ఇటూ చూసి, మూడో మనిషి ఎటో పోయి వస్తారనుకున్నాడేమో, గ్లాసు అక్కడే వదిలి వెళ్లిపోయాడు. నాన్న ఆ టీ తాగలేదు, వెనక్కి ఇవ్వలేదు. మేము లేచేదాకా దాని వైపు చూస్తూనే ఉన్నాడు.

హోటలాయన పొరపాటు పడ్డాడని నాకు నేనే చెప్పుకున్నాను. రోడ్డు పక్క హోటలు, వచ్చేపోయే జనం, లెక్క తప్పడం పెద్ద విషయమేమీ కాదు. సామాన్లు సర్దుకునే హడావుడిలో మర్చిపోయాను కూడా. అమ్మ కారప్పొడి, చింతకాయ తొక్కు కట్టి ఇచ్చింది. అవి విమానంలో రానిస్తారా రానివ్వరా అన్నదే అప్పటికి నా పెద్ద దిగులు.

హైదరాబాద్‌లో విమానం ఎక్కి, దారిలో ఇంకోటి మారి, గ్వాంగ్‌జౌలో దిగాను. అక్కణ్నుంచి స్కూలున్న ఊరికి బస్సులో పోవాలి. బస్సు కిక్కిరిసిపోయింది. జనం నిలబడి ఉన్నారు కానీ నా పక్క సీటు ఖాళీగానే ఉంది. ఒకావిడ కూర్చోవడానికి వచ్చింది. సీటు వైపు చూసి, తప్పయిపోయింది అన్నట్టు కొంచెం తల వంచి, వెనక్కి వెళ్లి నిలబడింది. పరాయి దేశం పిల్ల పక్కన కూర్చోవడానికి మొహమాటపడిందనుకున్నాను.

స్కూలు క్యాంటీన్లో మొదటిరోజు నేను ఒక వేలు చూపించాను. వడ్డించే ఆవిడ నవ్వి రెండు ట్రేలు ఇచ్చింది, రెండు జతల తినే పుల్లలు పెట్టింది. నాకు అక్కడి భాష ఒక్క ముక్క రాదు. రాకపోవడం వల్ల ఇంత లాభం ఉందా అని నవ్వుకుంటూ బల్ల దగ్గర కూర్చున్నాను. రెండో ట్రే నాకు ఎదురుగా పెట్టుకున్నాక నవ్వు ఆగిపోయింది. జూలూరుపాడు గుర్తొచ్చింది.

అప్పుడు నిజంగా భయపడ్డాను. అక్క వచ్చి ఉంటుందని కాదు. అక్క అయితే భయమెందుకు? లచ్చమ్మ 'ఎవరన్న వస్తరు' అంది. ఆ 'ఎవరన్న' అన్న మాట నన్ను పట్టుకుంది. ఆ గూడెంలో జ్వరాలకు పోయింది మా అక్క ఒక్కతేనా? పేరూ వరసా లేకుండా నేను పిలిచిన పిలుపుకి ఎవరు బయల్దేరారు? సముద్రాలు దాటించి ఎవరిని తెచ్చుకున్నాను? హాస్టల్ గదిలో లైటు ఆర్పకుండా పడుకున్నాను. మొదటి క్లాసు అవగానే, నాకు ఇక్కడ పడటం లేదు, పంపించేయండి అని అడగాలనుకున్నాను. పంపిస్తే నా ప్రాక్టీస్ పోతుంది, ఏడాది పోతుంది. పోతే పోనీ అనుకున్నాను.

నన్ను చూసుకోవాల్సిన టీచరు పేరు లిన్ మేడమ్. మొదటి క్లాసుకు ఆవిడ వెనక కూర్చుని చూడాలి. ఆ రోజు పొద్దున ఆవిడకు ఆఫీసు నుంచి పిలుపొచ్చింది. మొదలుపెట్టు, వచ్చేస్తాను అంది. నేను ఒక్కదాన్నే క్లాసులోకి వెళ్లాను.

రెండు జడల పాప ఒకతి, క్లాసు లీడరు, లేవండి అన్నట్టు గట్టిగా ఏదో అంది. అందరూ లేచి ఒక్క గొంతుతో నమస్కారం చెప్పారు. కూర్చోమని చెయ్యి ఊపాను. కూర్చోలేదు. నలభై మంది దాకా పిల్లలు, అందరూ ఒకేసారి కిటికీ వైపు తిరిగారు. అదే మాట, అంతే గట్టిగా, ఇంకోసారి చెప్పారు. కొంచెం ఆగారు. అప్పుడు కూర్చున్నారు.

కిటికీ దగ్గర ఎవరూ లేరు. బయట వాన పడుతోంది.

నేను పండ్ల పేర్లు చెప్పాల్సిన రోజది. కిటికీ వైపు చూడకుండా పాఠం మొదలుపెట్టాను. విచిత్రమేమిటంటే నా గొంతు వణకలేదు. కాలేజీలో డెమో క్లాసంటేనే చెమటలు పట్టే నేను, ఆ రోజు ఎన్నాళ్లుగానో చెప్తున్నట్టు చెప్పాను. సగంలో లిన్ మేడమ్ వచ్చి వెనక కూర్చుంది. బాగా చెప్పావని మెచ్చుకుంది.

క్లాసు అయ్యాక, మీ పిల్లలు నమస్కారం రెండుసార్లు చెప్తారా అని ఆవిడను అడిగాను. ఇద్దరు టీచర్లు వస్తే ఇద్దరికీ చెప్తారు, ఒక్కరే వస్తే ఒక్కసారే అంది. నేను ఒక్కదాన్నే వచ్చానన్నాను. ఆవిడ లీడరు పాపను పిలిచి అడిగింది. పాప ఏదో చెప్పింది. లిన్ మేడమ్ నవ్వుతూ నాకు ఇంగ్లిష్‌లో చెప్పింది.

"మీతో వచ్చిన టీచర్‌కి చెప్పారట. కిటికీ పక్కన గోడకు ఒక కాలు ఆనించి నిలబడిందట. మీ స్నేహితురాలా?"

గూడెం పాకలో కుర్చీ ఉండేది కాదు. అక్క పొద్దంతా ఒక కాలు వెనక గోడకు ఆనించి నిలబడి పాఠం చెప్పేది. ఇంటికి వచ్చినా అదే అలవాటు. గోడ మీద పాదం మరక పడుతోందని అమ్మ తిట్టేది. ఈ సంగతి నేను అక్కడ ఎవరికీ చెప్పలేదు. చెప్పుకునేంత స్నేహం అప్పటికి ఎవరితోనూ కాలేదు. అక్క అలా నిలబడిన ఫొటో కూడా మా దగ్గర లేదు.

బాత్రూంలోకి వెళ్లి చాలాసేపు ఏడ్చాను. అది భయం కాదు. ఎవరో కాదు, మా అక్కే అన్న ఏడుపు.

మధ్యాహ్నం నాన్నకు ఫోన్ చేశాను. ఆయన మిరప తోటలో ఉన్నాడు, ఏరే కూలీల మాటలు వెనక వినిపిస్తున్నాయి. బస్సు, ట్రేలు, క్లాసు, ఆ పాప చెప్పింది, అన్నీ చెప్పాను. తిడతాడనుకున్నాను. చదువుకున్నదానివి, నీకు బుద్ధి లేదా అంటాడనుకున్నాను. కూలీల మాటలు దూరమయ్యాయి. నడుచుకుంటూ గట్టు మీదికి వచ్చినట్టున్నాడు.

"పిల్లలు లేచి నిలబడ్డరా?" అన్నాడు.

"అవ్ నాన్నా."

"అందరా?"

"అందరు నిలబడ్డరు."

"మన సునీతకా?"

అవునన్నాను. ఫోన్ పెట్టేశాడు.

ఆ మర్నాటి నుంచి క్యాంటీన్లో నాకు ఒక్క ట్రేనే ఇచ్చారు. క్లాసులో ఒక్క నమస్కారమే. బస్సులో నా పక్కన జనం కూర్చున్నారు. పంపించేయమని నేను ఎవరినీ అడగలేదు. ప్రాక్టీస్ పూర్తిచేసుకునే వచ్చాను. ఉన్నన్నాళ్లూ ఆ కిటికీ వైపు ఒకటికి రెండుసార్లు చూసేదాన్ని. ఏమీ కనబడలేదు. నిజం చెప్పాలంటే కనబడాలనే చూశాను.

హోటలాయన లెక్క తప్పాడు, బస్సులో ఆవిడ మొహమాటపడింది, క్యాంటీన్ ఆవిడకు నా వేలు అర్థం కాలేదు, పిల్లలన్నాక ఏవో ఊహించుకుంటారు. ఒక్కొక్కదానికి ఒక్కో సమాధానం చెప్పుకోగలను. గోడకు ఆనించిన ఆ కాలికి మాత్రం ఇప్పటికీ నా దగ్గర సమాధానం లేదు.

నాన్నతో ఆ విషయం మళ్లీ ఎత్తలేదు, ఆయన కూడా ఎత్తలేదు. ఈ మధ్య పంట తీసుకుని ఇద్దరం ఖమ్మం మిర్చి యార్డుకు వెళ్లాం. మధిర వైపు రైతు ఒకాయన బస్తాల మీద కూర్చుని, మీ పిల్లలు ఏం చేస్తున్నారని నాన్నను అడిగాడు.

"నాకు ఇద్దరు బిడ్డలు. ఇద్దరూ టీచర్లే" అన్నాడు నాన్న.

నేను పక్కనే ఉన్నాను. దిద్దలేదు.