పైపుకు పెట్టిన బొట్లు

రిటైరయ్యాక కూడా నేను సైటుకు పోవడం మానలేదు. మా వైపున్న ఒక విద్యుత్ కేంద్రంలో ఆవిరి పైపులు మార్చినప్పుడల్లా కాంట్రాక్టరు ఫోన్ చేస్తాడు. హనుమకొండలో పొద్దున్నే బస్సెక్కి, వెల్డింగు జాయింట్ల గట్టిదనం చూసి, సరేననో కాదనో చెప్పి రావడం నా పని. ఇంటికొచ్చి అన్నీ డైరీలో రాసుకుంటాను. కిందటి షట్‌డౌన్‌లో జరిగినదాన్ని రాయడానికి మాత్రం చాలాసేపు పెన్ను పట్టుకుని కూర్చోవలసి వచ్చింది.

ఆ పైపులు అల్లాయ్ స్టీలువి. వెల్డింగు అయ్యాక జాయింటు చుట్టూ హీటరు ప్యాడ్లు కట్టి, గంటల తరబడి కాల్చి, నెమ్మదిగా చల్లారుస్తారు. ఆ తర్వాత గట్టిదనం నూట తొంభైకీ రెండు వందల యాభైకీ మధ్య ఉండాలి. గిన్నెకు ఒత్తి కాల్చే బియ్యప్పిండి సర్వప్ప సంగతి లాంటిదే ఇదీ. మరీ గట్టిపడితే పటుక్కున విరుగుతుంది. మెత్తబడితే ఇంకా కష్టం, లోపలి ఆవిరి ఒత్తిడికి ఏళ్లమీద ఉబ్బి, ఒకరోజు పగులుతుంది. గట్టిగా వస్తే మళ్లీ కాల్చి దారికి తేవచ్చు. మెత్తగా వస్తే కోసి పారేయడమే.

ముందురోజు సాయంత్రం చల్లారిన జాయింటు మీద, రీడింగు తీయవలసిన చోట్ల సుద్దముక్కతో గుండ్రాలు గీసి వచ్చాను. వాటిలోపల గ్రైండరుతో నున్నగా చేయమని చెప్పాను. మర్నాడు నేను పోయేసరికి పైపు దగ్గర లొల్లి.

"మెత్తగుంది సార్, నూట నలభై!" అన్నాడు ఇంజనీరు. హసన్‌పర్తి కుర్రాడు, ఉద్యోగంలో కొత్త. "అన్నా, నువ్వు పెట్టింది జాయింటా, మైసూర్‌పాకా?"

ఆ 'అన్న' మరిపెడ దగ్గరి పల్లె నుంచి వచ్చిన వెల్డరు. వ్యవసాయపు కుటుంబం. నలభై దాటిన మనిషి. స్కాఫోల్డింగు మీద చెప్పులు లేకుండా నిలబడ్డాడు. అతని వెల్డరు కార్డు అప్పటికే ఇంజనీరు జేబులోకి పోయింది. మెత్తటి జాయింటు పెట్టాడన్న పేరు వస్తే ఈ సీజనులో ఏ ప్లాంటు గేటూ అతనికి తెరుచుకోదు.

"నా చేతిల ఇప్పటిదాంక ఒక్కటి గూడ మెత్తగ రాలే పెద్దసారూ. మీరే జర సూడుండ్రి."

చూశాను. పైపు అద్దంలా మెరుస్తోంది. ఒక్క నేను గీసిన గుండ్రాలు తప్ప. ప్రతి గుండ్రంలోనూ అంగుళం మేర పసుపు, దాని నడుమ కుంకుమ. పక్కన కొబ్బరిచిప్పలు, అగరుబత్తి.

కాల్పు దిగిన జాయింటుకు పూజ చేయడం అతని అలవాటు. పెద్దసారు బొట్లకు జాగా చూపించి పోయాడనుకున్నాడు. నూనెలో కలిపిన పసుపు మందంగా పెట్టాడు. గ్రైండరు పట్టినవాడు బొట్లను ముట్టుకోకుండా చుట్టూ నున్నగా చేశాడు. ఇంజనీరు తెచ్చిన పరికరం చిన్న గుండును ఉక్కు మీదికి విసిరి, అది ఎంత ఎగిరిందో చూసి అంకె చెబుతుంది. దాన్ని తిన్నగా కుంకుమ మీద ఆనించాడు.

"బొట్టు మీద రీడింగేమిటయ్యా?"

"మార్కింగ్ పెయింట్ అనుకున్నా సార్. రెండు కలర్లు వేశారేమోనని..."

ఇప్పటిదాకా ఆ పరికరం కొలిచింది పసుపు గట్టిదనం. తుడిచి, గీకి, మళ్లీ చూస్తే సరిపోతుంది. జేబులోంచి గుడ్డ తీశాను. వెల్డరు నా చెయ్యి పట్టుకున్నాడు.

"కోస్తే కొయ్యుండ్రి సారూ. బొట్టు మాత్రం తుడువకుండ్రి."

"తుడవకపోతే కార్డు పోతుంది కదా."

"తుడిస్తే జాయింటే పోతది. నేను బతికుండంగ దాని బొట్టెట్ల తుడుస్త?"

"కోయడానికి లేని నొప్పి తుడవడానికేమిటి?" అని ఇంజనీరు నెత్తి పట్టుకున్నాడు. "పై ఆఫీసుకు ఏమని చెప్పాలి సార్? బొట్టు అడ్డమొచ్చి పైపు కోశామనా?"

నా సర్వీసులో చాలా రకాల అడ్డంకులు చూశాను గానీ, ఇది ఏ కోడ్ పుస్తకంలోనూ లేదు. గుడ్డ మళ్లీ జేబులో పెట్టి, "తుడవొద్దు. స్నానం చేయిద్దాం" అన్నాను. "దేవునికి అభిషేకం చేస్తే బొట్టు దానంతటదే పోతుంది కదా. అది తుడవడం కాదు."

అతను జర మెత్తబడ్డాడు. "ఏం నీళ్లతోని?"

"అసిటోన్."

డబ్బా మూత తీసి వాసన చూశాడు. "గిది మా బిడ్డ గోళ్ల రంగు తీసేది గాదు సారూ?"

"అదే. శుద్ధి చేసేదే కదా."

"గట్లయితే సరే. గని చెప్పులతోని జెయ్యద్దు."

ఇంజనీరు నా మొహం చూశాడు. సేఫ్టీ బూట్లు విప్పడం నేరం. విప్పాడు. నేనూ విప్పాను. వెల్డరు కొబ్బరిచిప్పలో అసిటోన్ తీసుకుని, పెదవులు కదిలిస్తూ, ఒక్కో బొట్టు మీద ధారగా పోశాడు. పసుపు కరిగి కిందికి జారింది. అసిటోన్ ఆరేదాకా గ్రైండరు ముట్టుకోవద్దన్నాను, నిప్పంటుకుంటుంది. అందుకని ముగ్గురం ఉత్త కాళ్లతో పైపు ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాం. కింద పోతున్న క్రేన్ ఆపరేటరు బండి ఆపి, ఎందుకో తెలియకుండానే దండం పెట్టి పోయాడు.

ఆరాక బూట్లు తొడుక్కుని, పైపొర గీకించి, పరికరం ఆనించాను. రెండు వందల పది. పక్క గుండ్రంలో రెండు వందల పద్దెనిమిది. అటు తిరిగితే రెండు వందల ఐదు.

"పాసా సారూ?"

"పాసే."

"ఇంకోపారి కొట్టుండ్రి."

కొట్టాను. మళ్లీ అదే వరస. ఇంజనీరు కార్డు తీసి ఇవ్వబోయాడు. వెల్డరు చెయ్యి చాపలేదు. పనికొచ్చిన ఎద్దు వీపు చరిచినట్టు పైపును అరచేత్తో రెండు దెబ్బలు చరిచి, అప్పుడు కార్డు అందుకుని అంగీ లోపలి జేబులో పెట్టుకున్నాడు.

"ఇగ తినొచ్చు" అని, స్కాఫోల్డింగు దిగి, పొద్దుటి నుంచి మూత తీయని టిఫిన్ డబ్బా వెతుక్కుంటూ పోయాడు.