జీడి చమురు చేతులు

పలాసలో రైలు దిగగానే కాల్చిన జీడిపిక్కల పొగ గొంతుకు అడ్డం పడుతుంది. అందరికీ నోరూరించే ఆ వాసనకు నాకు మాత్రం ఇప్పటికీ ఒళ్లు మండుకొస్తుంది.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, పలాస పక్కనున్న పూండిలో మా ఇంగ్లీషు ట్యూషను మాస్టారు పొడుగు మాటలను బెత్తంతో విడగొట్టేవారు. జీడిమామిడి పూత రోజుల్లో, కొబ్బరాకుల పాకలో, ఉప్పుగాలికి చెమట ఆరీ ఆరని అరచేతులు చాపుకుని మేం వరసగా నిలబడితే, మాటలో ఎన్ని ముక్కలుంటే అన్ని దెబ్బలు, ఊనిక పడే ముక్క దగ్గర ఒంట్లో బలమంతా పెట్టి ఒకటి. ఎగ్-జా-మి-నే-షన్. ఆ 'నే' దగ్గర ఎముక కదిలేది. మాటకు ముందు తగిలించిన 'అన్'కీ, వెనక తగిలించిన 'లీ'కీ చిన్న దెబ్బలు. దాన్నే మేం దయ అనుకునేవాళ్లం. తప్పు చెప్పినవాడికి శిక్షగా, ఒప్పు చెప్పినవాడికి గుర్తుండడానికి, మొత్తానికి దెబ్బ ఎవరికీ తప్పేది కాదు.

మా అక్క రమణమ్మ అప్పుడు పదో తరగతి. తెల్లారకముందే అమ్మ పక్కన కూర్చుని జీడిపిక్కలు కొట్టేది. పెంకులోని చమురు తగిలి చేతులు బొబ్బలెక్కేవి. ఎంత బూడిద రాసుకున్నా చర్మం పొరలుగా లేచిపోయేది. చేతులు పనికిరాని రోజున ట్యూషనూ లేదు, బడీ లేదని అమ్మ ముందే తేల్చి చెప్పింది.

ఒకరోజు అక్క చేతులు వెనక్కి దాచుకుంది.

"కాళ్ల మీద కొట్టీండి మాస్టారూ. పొద్దున్నే పిక్కలు కొట్టాల."

"కాళ్లతో రాత్తావేటే పరీక్ష?" అన్నారాయన.

అక్క చేతులు చాపి, 'రెస్పాన్సిబిలిటీ'ని తడుముకోకుండా ఆరు ముక్కలు చేసింది. 'బి' దగ్గర బొబ్బలు చితికి బెత్తానికి రక్తం అంటింది.

మర్నాడు పొద్దున్న అక్క చేతిలో కొయ్యసుత్తి నిలవలేదు. అయినా సాయంత్రం ట్యూషనుకు వచ్చేసింది. వెనకే అమ్మ పాకలోకి దూసుకొచ్చింది. మాస్టారి పని అయిపోయిందని లోలోపల సంబరపడ్డాను. అమ్మ ఆయనకు దండం పెట్టి, బల్ల మీది బెత్తం అందుకుని, అక్క జడ చేతికి చుట్టుకుని వీపు మీద ఎడాపెడా బాదింది.

"సేతులు పాడుసేసుకుంటే పిక్కలెవులు కొడతారే?"

అక్క చదువు అంతటితో సరి. ఆ ఇద్దరిలో ఎవరి మీద నాకు ఎక్కువ కోపమో ఇప్పటికీ తేలలేదు.

ఇప్పుడా పాక లేదు, బడుల్లో బెత్తం లేదు, పిక్కలు మిషన్లు కొడుతున్నాయి. మొన్న అక్కతో రేషన్ డిపోకి వెళ్లాను. ఏళ్ల తరబడి చమురు తిన్న ఆ వేళ్ల మీద గీత ఒక్కటీ మిగల్లేదు. ఏ వేలు పెట్టినా వేలిముద్రల మిషన్ ఒప్పుకోలేదు.

"సంతకం ఎడతాను బాబూ, ఇంగిలీసులో ఎడతాను," అంది అక్క.

సంతకాలు చెల్లవని చెప్పి, డిపో అతను వెనకున్నవాళ్లను రమ్మన్నాడు.