గాలికి అడ్డం పట్టిన తువ్వాల

మొన్నటి ఎండాకాలం సంగతి. కోహీర్ దగ్గర గుట్ట కిందున్న మా చేనులో చెరకు కోత అయిపోయింది. ఎండిన ఆకు తగలబెట్టాలి. సాయంత్రం గాలి తగ్గాక పెడదామన్నాను. జహీరాబాద్‌లో పెళ్లి విందుకి ఆలస్యమవుతుందని మావారు మిట్టమధ్యాహ్నమే అగ్గిపెట్టె తీశారు.

"జర ఆగున్రి, గాలి చూస్తలేరా?"

"నాకే చెప్తున్నవా? ఈ తువ్వాల అడ్డం పట్టు!" వెలిగించిన పుల్ల వెలిగించినట్టే ఆరిపోతోంది మరి.

చివరికి అంటుకుంది. మంట గట్టు దాటి గుట్ట మీది ఎండుగడ్డిని పట్టుకుంది. ఆర్పుతానని శ్రీవారు వేపకొమ్మ పుచ్చుకుని మంటకంటే పైకెక్కారు. ఎగువకి మంట మనిషికన్నా వేగంగా ఉరుకుతుందని అప్పుడే చూశాను.

"పైకి ఉరకకున్రి! పక్కకు తిరిగి కాలిన జాగలకు రాన్రి!" అని గొంతు చించుకున్నాను. ఎలాగో వచ్చి బూడిదలో దొర్లిపడ్డారు. పైన గడ్డిలేని బండ తగిలి మంట దానంతటదే ఆరింది, ఈయన ప్రతాపంతో కాదు.

కనుబొమ్మలు, సగం మీసం పోయిన ముఖంతోనే విందుకి వెళ్లారు. అడిగినవాళ్లందరికీ "గాలి మోసం జేసింది" అని చెప్పారు.

అన్ని పుల్లలు ఆర్పి మరీ చెప్పిన గాలి, ఇంకెలా చెప్పాలట?